గడప ముందు మొక్కజొన్నలు

"నా కొడుక్కేమైనా అయితే నేనేమైపోవాలి, వదినా?" అంది ఎదువీనా, సమ్మె వంట గిన్నెలో చిక్కుడు గింజలు కలుపుతూ. అన్నాక నాలుక్కరుచుకుంది. ఎదురుగా ఉల్లిపాయలు తరుగుతున్నది ఒర్తెన్సియా. మొన్న రాగి గనిలో బండ కింద నలిగింది ఆవిడ మొగుడే. గనిలో అంబులెన్సు ఉంది. కానీ అది కంపెనీ మనుషులకట. కాంట్రాక్టు కూలీని సరుకు బండిలో వేసి తెచ్చారు. ఊరు చేరేలోపే ప్రాణం పోయింది. అప్పటి నుంచి కాంట్రాక్టు కూలీలంతా పని ఆపేశారు. ఎవరి ప్రాణమైనా ప్రాణమే, అంబులెన్సు అందరికీ రావాలన్నారు.

మేస్త్రీ రుబిలార్ వంట దగ్గరికే వచ్చాడు. ప్రపంచంలో రాగి తీసే దేశాలన్నిటిలోకీ చిలీదే మొదటి స్థానమనీ, కాంగో, పెరూ వెనకే తరుముకొస్తున్నాయనీ చెప్పాడు. ఈ గని ఆగితే కొనేవాళ్లు అటు పోతారనీ, పనికి రానివాణ్ణి మళ్లీ పిలవరనీ బెదిరించాడు.

ఒర్తెన్సియా కత్తి కింద పెట్టింది. "మొదటి స్థానం మనదైతే నా మొగుడు సరుకు బండిలో ఎందుకొచ్చాడయ్యా? కాంగోలో తవ్వేవాడికీ పెళ్లాం ఉంటుంది. వాడితో మాకు పందెమేంటి?"

ఆడవాళ్లు గరిటెలతో గిన్నెలు వాయించి మేస్త్రీని సాగనంపారు. ఎదువీనా కూడా వాయించింది. ఇంటికొచ్చేసరికి భయం పట్టుకుంది. పని పోతే? పోలీసులు కొడితే? తెల్లారకముందే, అదే గనిలో కాంట్రాక్టు కూలీ అయిన కొడుకు నిబాల్దోని లేపి, పనికి పొమ్మని తన మీద ఒట్టు పెట్టి, వెనక సందులోంచి కంపెనీ బస్సెక్కించింది.

మర్నాడు వాడు మళ్లీ బయల్దేరాక తలుపు తీస్తే గడప నిండా మొక్కజొన్న గింజలు. కోళ్ల మేత. సమ్మె విడిచి పనికి పోయే పిరికివాళ్ల ఇంటి ముందు అక్కడ అలాగే చల్లుతారు, నోరెత్తి ఒక్క మాటా అనరు. తిట్టినా బాగుండేదనుకుంది. చీపురందుకుంది. గింజలు రాళ్ల సందుల్లో ఇరుక్కుని రానన్నాయి. రొట్టెలు కొనడానికి పోతున్నవాళ్లు తలలు తిప్పుకుని దాటిపోయారు. చీపురు అక్కడే పడేసి, కంపెనీ బస్సు పోయే ఊరి చివరికి పరుగెత్తింది.

అక్కడ ఆడవాళ్లు చేతులు కలిపి బస్సుకు అడ్డం నిలబడ్డారు. పక్కన పోలీసులు. ఎదువీనా వరసలో చోటడిగింది. ఎవరూ జరగలేదు. ఒంటరిగా బస్సు ముందుకెళ్లి నిలబడింది.

"వాణ్ణి పంపింది నేనే," అంది. "నా బిడ్డ ఒక్కడు బాగుంటే చాలనుకున్నా. ఒర్తెన్సియా వదిన ముఖం చూడలేకపోతున్నా. నిబాల్దో, ఒట్టు తీసేస్తున్నా. దిగరా."

బస్సు కిటికీలకు తెరలు దించి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. పోలీసు అధికారి తప్పుకోమన్నాడు. డ్రైవరు ఇంజను రొద పెంచాడు. ఒర్తెన్సియా వచ్చి పక్కన నిలబడింది, ఆమె చేయి పట్టుకుంది. వరస మొత్తం రెండడుగులు ముందుకొచ్చి వాళ్లిద్దరినీ కలుపుకుంది. లాఠీలు లేచాయి.

అప్పుడు ఒక తెర పక్కకు జరిగింది.

"డ్రైవరన్నా, తలుపు తియ్యి," అన్నాడు నిబాల్దో. "అందరం దిగుతున్నాం."