చంకన పెట్టుకెళ్ళే కంప్యూటర్

నగ్లా మొలొఖియా ఆకు తరుగుతోంది. రెండు పిడుల వంపు కత్తి పలక మీద అటూ ఇటూ ఊగుతుంటే ఆ చప్పుడు మీదే ఆమె మనసులో ఒక దరువు కట్టుకుంటోంది. పెళ్ళయినప్పటినుంచీ ఆమె పాటలన్నీ ఇలాగే పుట్టాయి. ఆకుకూర దగ్గర ఒకటి, బట్టలారేసే తాడు దగ్గర ఒకటి, కూతురు షహ్ద్‌కి తల దువ్వుతూ ఒకటి. కైరోలో, ఎంబాబా సందుల్లో, పెళ్ళిపందిళ్ళలో అవి మోగేటప్పుడు మాత్రం మొదట్లోనే "రగబ్! రగబ్!" అని ప్రతిధ్వనితో ఆమె మొగుడి పేరు వినిపిస్తుంది. ఆ ప్రతిధ్వని పెట్టిందీ ఆవిడే.

"తేల్చేశానే," అన్నాడు రగబ్ సోఫా మీంచి కాళ్ళు దించకుండా. "బల్ల మీద పెట్టే పెద్ద కంప్యూటరే కొందాం. గట్టి యంత్రం, ఇంత తెర. నువ్వు ఇంట్లో కూచుని హాయిగా పాటలు చేసుకుంటావు. నేను తయారైన పాట పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జేబులో పెట్టుకుపోతా. పెళ్ళిలో వాయించే కీబోర్డుకి గుచ్చితే సరి."

"ల్యాప్‌టాప్ అయితే ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చు కదా."

"ఎక్కడికే? నువ్వు పోయేదెక్కడికి?"

ఎక్కడికో అతనికి తెలుసు. తెలిసే అడిగాడు. కింద వాటాలో బ్యూటీ పార్లర్ నడిపే సబాహ్ కూతురికి గురువారం గోరింటాకు రాత్రి. ఆడవాళ్ళు తప్ప ఎవరూ ఉండని పండగ. "మగాణ్ణి పిలిస్తే తలమీద ముసుగు తియ్యలేం, నడుం కదపలేం. ఫోన్లో పాటలు పెట్టుకుని ఎన్నాళ్ళు ఎగురుతామే? నువ్వొచ్చి వాయించు పిల్లా, నీ చేతులు చల్లగుండ," అంది సబాహ్. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు రగబ్ నవ్వాడు. "మైకులో ఏమని పిలుస్తారే నిన్ను? నా పెళ్ళాం పేరు పదిమంది నోళ్ళలో పడాలా?" అన్నాడు. అతను బయట ఆమెను 'పిల్లదాని తల్లి' అంటాడే తప్ప పేరుతో అనడు, సందులో ఏ మగాడూ తన పెళ్ళాం పేరు ఎత్తడు. అత్తగారు, హజ్ చేసొచ్చిన హాగ్గా ఇన్షిరాహ్, జపమాల ఆపి, "మా ఇంట్లో ఆడది గరిటె పట్టుకుంది గానీ మైకు పట్టుకోలేదమ్మా," అంది. అప్పుడు నగ్లా గరిటె తిప్పుతూనే ఉంది. ఎదురు చెప్పకపోవడం ఎంత బాగా అలవాటయిందంటే, ఊరుకున్నందుకు కూడా తనమీద తనకి కోపం రాలేదు. నిజానికి ఆ పెద్ద యంత్రం మీద ఆమెకీ ఆశ ఉంది. పాత ల్యాప్‌టాప్ పెళ్ళిపందిళ్ళ దుమ్ము తాగి తాగి చచ్చింది. చివరి రోజుల్లో నాలుగు వాయిద్యాలు కలిపితే నత్తి పట్టేది. పెద్దదానిలో నలభై కలిపినా తొణకదు. కానీ అది బల్లకి అతుక్కుని ఉంటుంది. బల్ల వంటింటి గోడకి అతుక్కుని ఉంది. ఇక తనెక్కడుంటుందో ఆలోచించక్కర్లేదు. పైగా కొనేది తన చీటీ వంతు డబ్బుతో.

కొట్టులో కుర్రసేల్స్‌మన్ రగబ్‌ని "ఇంజనీరు గారూ" అని పిలిచాడు. అక్కడ ప్యాంటు తొడుక్కున్న ప్రతివాడూ ఇంజనీరే. నగ్లా ఒక్కటే అడిగింది. "పాట నడుస్తుండగా గొంతు ఆపి, దరువొక్కటే ఉంచాలంటే పెన్‌డ్రైవ్‌తో ఎలా?" వీధి పెళ్ళిలో పాట ఎప్పుడాగుతుందో దేవుడికే తెలియాలి. ఎవరో ఒకరు పెళ్ళికొడుకు మీద నోట్లు చల్లి మైకు లాక్కుంటారు, తమవాళ్ళ పేర్లన్నీ వరసపెట్టి సలాం చెప్తారు. అంతసేపూ కింద దరువొక్కటే నడవాలి. అందుకే పాత ల్యాప్‌టాప్‌లో ఆమె ప్రతి పాటనీ ముక్కలుగా కోసి, ముక్కకో మీట చొప్పున అమర్చి ఇచ్చేది. రగబ్ మీట నొక్కేవాడు, అంతే. కుర్రాడు ఆమె వైపు చూడకుండానే, "మేడమ్‌కి రంగు నచ్చిందా, ఇంజనీరు గారూ?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. పెద్ద పెట్టె ఇంటికొచ్చింది.

ఆ ఆదివారమే రగబ్ ఒక వీధి పెళ్ళిలో వాయించాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా రగబ్ లేవలేదు. లేచాక చూస్తే చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది.

"నీ పాట నా పరువు తీసిందే! మాంసంకొట్టు అవద్ మైకు పట్టుకుని వాళ్ళ నాన్నకి సలాం చెప్తున్నాడు. నీ పాట ఆగదే! ఆయన పేరు మీదనుంచే గోలగోలగా పోయింది. ఆపేశాను, దరువూ పోయింది. పందిరంతా శ్మశానం. 'చచ్చిపోయిన మా నాన్నని అవమానిస్తావా' అని మీదికొచ్చాడు."

"కొట్టులో అడిగాను కదా."

"గట్టిగా అడగొద్దూ?" అన్నాడు. అత్తగారు లోపలినుంచి, "మొగుడి కూడు మీద శ్రద్ధ ఉంటే ఇలా అవదు," అని ఒక పుల్ల వేసింది.

నగ్లాకి ఏడుపు రావాలి. రాలేదు. ఇన్నాళ్ళూ ఇతను స్టేజీ మీద చేస్తున్న పనల్లా మీటలు నొక్కడమేనని ఆమెకి తెలుసు గానీ, ఆ మాట తనతో తను కూడా ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంది, చాలా స్పష్టంగా.

"పోయి మార్చుకురా. ల్యాప్‌టాపే తే," అన్నాడు రగబ్, కొట్టువాడి ముందు తను పోలేక. "గురువారానికి ముక్కలు కోసి సిద్ధం చెయ్యి. వర్రాక్‌లో పెళ్ళుంది."

ఆమె ఆ పెట్టెని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది, ల్యాప్‌టాప్‌ని చంకన పెట్టుకుని వచ్చింది. మూడు రోజులూ వంటింటి బల్ల దగ్గర పాటలు కోసింది. ఒక్కో పాట మొదట్లోంచి "రగబ్! రగబ్!" తీసేసింది. ఆ చోటు ఖాళీగా ఉంచింది. అక్కడ గురువారం ఎవరి పేరు కావాలంటే వాళ్ళది వాళ్ళే అరుచుకుంటారు.

గురువారం సాయంత్రం రగబ్ తల నున్నగా దువ్వుకుని చెయ్యి చాచాడు. "ఇలా తే."

నగ్లా ల్యాప్‌టాప్‌ని షహ్ద్ స్కూలు సంచీలో పెట్టి భుజానికి తగిలించుకుంది. "ఇది నాతో వస్తోంది. సబాహ్ వాళ్ళింటికి."

"పిచ్చా? మైకులో నీ పేరు అరుస్తారే!"

"అరవనీ. ఎనిమిదేళ్ళు నీది అరిచారు."

"మరి నా వర్రాక్ పెళ్ళి సంగతి?"

ఆమె అలమరలోంచి పెన్‌డ్రైవ్ తీసి, చాచిన ఆ అరచేతిలోనే పెట్టింది.

"నీకిది ఉందిగా. జేబులో పడుతుంది."