ముప్పయ్యో పేజీ

హేమశ్రీకి రాయడమంటే ఒళ్ళు మంట. చూసి రాయమంటే ఎంతైనా రాస్తుంది, బోర్డు మీదిదో, పక్కపిల్ల నోట్సులోదో. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం పెన్ను మూత కొరుకుతూ గంట కూర్చుంటుంది. అలాంటి పిల్లకు చిత్తూరులో డిగ్రీ రెండో ఏడు అయిపోగానే కాలేజీవాళ్ళు ఒక లాగ్‌బుక్కు ఇచ్చారు. వేసవి సెలవుల్లో మీ ఊళ్ళో జనం ఎలా బతుకుతున్నారో చూసి, రోజుకో పేజీ చొప్పున ముప్పై పేజీలు రాసుకురమ్మన్నారు. రాయకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పంపిస్తానని వాళ్ళ నాయన మునెయ్య ముందే చెప్పేశాడు.

వాళ్ళ ఊరు బంగారుపాళ్యానికి మూడు కిలోమీటర్లు. మొదటి రోజు పొద్దున హేమశ్రీ ఖాళీ పేజీ ముందు ఏడుపు మొహం పెడితే వాళ్ళవ్వ గురవమ్మ విసుక్కుంది.

"సూసి రాసేది నీకు వచ్చును గదా మే? పక్కింటికి పో. సుజన వీపు మీద రోజూ రాసే ఉంటాది."

ఆ సంగతి హేమశ్రీకి తట్టనే లేదు. సుజన మొగుడు రాజారత్నం మామిడికాయల ట్రాక్టరు తోలుతాడు. సాయంత్రం ఇంటికొచ్చి పెళ్ళాన్ని కొడతాడు. తెల్లారేసరికి ఆ దెబ్బలు ఆమె వీపు మీద నీలంగా అక్షరాలై తేలతాయి. ఏ రోజు, ఎన్ని గంటలకు, దేనితో, ఎందుకు, అన్నీ ఉంటాయి. ఎండ నడినెత్తికి ఎక్కేసరికి చెరిగిపోతాయి, నొప్పి మాత్రం పోదు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందె నిండేలోపు అవి చదివి, ఈరోజు తేటగా ఉన్నాయనో మసకగా ఉన్నాయనో అనుకొని నీళ్ళు మోసుకుపోయేవాళ్ళు. అంతకు మించి ఎవరూ ఏమీ చేయలేదు. ఎండెక్కితే పోయేదానికి భయమెందుకని రాజారత్నం నవ్వేవాడు. సుజన రెండుసార్లు పోలీసు స్టేషనుకు పోయింది. రెండుసార్లూ ఆమె వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది, వీపు తుడిచినట్టు ఉంది.

"రాసుకుంటానక్కా. నాకు ముప్పై పేజీలు కావల్ల," అంది హేమశ్రీ.

"రాసుకో మే." సుజన జాకెట్టు వెనక్కి జార్చి, ఎండకు వీపు పెట్టి పీట మీద కూర్చుంది. "ఎవురన్నా యాడన్నా రాసిపెడితే మేలే. ఆయప్ప నన్ను బతకనీడు."

మొదటి పేజీ ఇలా వచ్చింది. సోమవారం, సాయంత్రం ఏడు. పులుసులో ఉప్పు తక్కువైందని. చెప్పుతో. తొమ్మిది దెబ్బలు. రెండోది: మంగళవారం, ఆరున్నర. తమ్ముడితో ఫోనులో మాట్లాడిందని. మోటారు బెల్టుతో. తర్వాత జుట్టు పట్టి తలను గోడకేసి, మూడుసార్లు. పదకొండో పేజీలో, చంపి బావిలో వేస్తానన్నాడని ఉంది. పంతొమ్మిదిలోనూ ఇరవై నాలుగులోనూ అదే మాట. 'ఈ రోజు నేర్చుకున్నది' అనే గడిలో మన పిల్ల ప్రతిరోజూ 'పైదే' అని రాసింది. సిగ్గు లేదా అంటే, మొదటి వారం లేదు. పేజీ నిండితే చాలనుకుంది. రెండో వారం నుంచి రాయడం కాగానే సుజన మొహం చూడకుండా వచ్చేసేది. ఇరవై నాలుగో రోజు ఇంటికొచ్చి అన్నం ముందు నుంచి లేచిపోయింది.

అప్పుడప్పుడూ బస్సెక్కి చిత్తూరు పోయి కాలేజీలో తిరుమలయ్య సారుకు పుస్తకం చూపించాలి. ఆయన చదవడు. పేజీలు బొటనవేలితో తిప్పి, ప్రతిదాని కింద సంతకం, తేదీ, కాలేజీ సీలు వేసి, "రాత గుండ్రంగా ఉందమ్మా" అంటాడు.

ఇరవై తొమ్మిదో రోజు అలాగే సీలు వేయించుకొని ఆమె సాయంత్రం బస్సు దిగేసరికి, టీకొట్టు దగ్గర ఎవరో రాజారత్నం చెవిన వేశారు, నీ ఇంటి బాగోతమంతా సీలు పడి పుస్తకంలో ఉండాదని. వాడు హేమశ్రీ వాకిట్లోకి ఆమెతో పాటే వచ్చాడు.

"పుస్తకం ఈడ పెట్టు."

"పెట్టను."

మామిడి పెట్టె చెక్క ఒకటి గోడవార పడి ఉంది, కొసన మేకుతో సహా. మొదటి దెబ్బకు హేమశ్రీ భుజం చీరుకుపోయింది. పుస్తకం కడుపు కింద పెట్టుకొని బోర్లా పడింది. సుజన పరుగున వచ్చి ఆమె మీద పడింది. ఆ తర్వాతి దెబ్బలన్నీ సుజనకే. చెక్క విరిగిపోతే వాడు కాలితో తన్నాడు. ఊరంతా గోడలెక్కి చూస్తోంది. ఒక్క గురవమ్మే రోకలి తెచ్చి వాడి మోకాలి చిప్ప మీద వేసింది. చిప్ప పగిలిన చప్పుడు అందరికీ వినపడింది. అప్పటికి గానీ మగవాళ్ళు గోడ దిగలేదు. వాళ్ళు దిగేలోపు వాడు కుంటుకుంటూ ట్రాక్టరెక్కి పోయాడు.

మర్నాడు పొద్దున హేమశ్రీ పెన్ను తీసుకొని సుజన దగ్గరికి పోయింది. వీపు మీద ఒక్క అక్షరం లేదు. వాచిన వాతలు, ఎండిన నెత్తురు, ఎవరి వీపు మీదైనా ఉండేలాంటి వట్టి దెబ్బలు. తన భుజం అద్దంలో చూసుకుంది. అక్కడా ఏమీ లేదు.

"ఏమవ్వా, ఈపొద్దు రాయలేదే?"

గురవమ్మ పసుపు నూరుతూ తల ఎత్తలేదు. "ఇంగ రాయదులే. నువ్వు రాయి."

"నాకు రాదవ్వా!"

"నిన్న ఆడ నువ్వు లేవా?"

హేమశ్రీ కూర్చుంది. మొదటి వాక్యానికి గంట పట్టింది. రెండుసార్లు రాసి కొట్టేసింది. నిన్న సాయంత్రం రాజారత్నం మా వాకిట్లో నన్నూ సుజనక్కనూ కొట్టాడు, నేను చూశాను అని చివరికి రాసింది. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. పేజీ అయిపోయి, అట్ట లోపలివైపు కూడా నిండిపోయింది. ఏడుస్తూనే రాసింది.

స్టేషనులో ఈసారి ఎవరూ హేమశ్రీనీ సుజననూ మధ్యాహ్నందాకా కూర్చోబెట్టలేదు. సీలున్న ఇరవై తొమ్మిది పేజీలు చదివిన ఎస్సై మేడమ్ ముప్పయ్యోది రెండుసార్లు చదివి, జీపు తీయమంది. సంతకాలు తనవో కాదో చెప్పడానికి పిలిపిస్తే తిరుమలయ్య సారు ఆ పుస్తకం మొదటిసారి చదివాడు. అవును నావే అని, బయటికి పోయి చాలాసేపు వేపచెట్టు కింద నిలబడ్డాడు. రాజారత్నం మూడో రోజు రేణిగుంటలో రైలెక్కలేక ప్లాట్‌ఫారం మీద దొరికాడు.

ఆ సాయంత్రం గురవమ్మ సుజన వీపుకు పసుపు రాయబోయి ఆగింది. ఆరేళ్ళుగా బోర్లానే పడుకుంటున్న మనిషి, వాకిట్లో మంచం మీద వెల్లకిలా పడుకొని, నోరు తెరుచుకొని గురకపెడుతోంది.