హెల్మెట్ల కింది బంతిపూలు

బాలన్న నోరు మంచిది కాదని గల్ఫ్‌లోని ఆ సిత్రా కూలీల క్యాంపంతా చెప్పుకునేది. చెయ్యి మాత్రం మంచిది. ఏది నాటినా బతికేది. దగ్గర్లోని నువైద్రాత్ తోటల నుంచి మట్టి మోసుకొచ్చి, సగానికి కోసిన డ్రమ్ముల్లో నింపి, రేకుల గదుల ముందు చిట్టిబంతి పెంచాడు. ఎవడైనా ఒక్క పువ్వు ముట్టుకున్నాడో, "మీ అయ్య పెట్టిండారా?" అంటూ వాడి ఏడు తరాలనూ లేపి కూర్చోబెట్టేవాడు.

చివరికి ఆ పూలు జునైద్ పెళ్లికన్నాడు. జునైద్ కోరుట్ల కుర్రవాడు, క్యాంపు బస్సు డ్రైవరు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే అక్క మెహరున్నిసా పెంచింది. ఇప్పుడు సంబంధం కుదిరింది గానీ పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, సెలవు ఇవ్వనన్నాడు, అమ్మాయి నౌరీన్ తరఫువాళ్లు ఇక ఆగలేమన్నారు. సరే, ఫోన్లోనే నిఖా అనుకున్నారు. గల్ఫ్‌లో అలాంటి పెళ్లిళ్లు కొత్తేమీ కాదు. మెహరున్నిసాకు మాత్రం అదే దిగులు. ఫోన్ చేసినప్పుడల్లా, "నా తమ్ముడు దిక్కులేనోని లెక్క ఒక్కడే కూసొని పెండ్లి చేసుకుంటడా?" అని ఏడ్చేది.

ఒకనాడు ఆ ఏడుపు బాలన్న చెవిన పడింది. "ఒక్కడెట్లయితడు? పిల్లగానికి సెహరా నా పూలతోని నేనే గుచ్చుత!" అని ఫోన్లోకి వినబడేలా అరిచాడు. పెళ్లికొడుకు ముఖం మీదికి వేలాడే ఆ పూలసరాలు ఎలా గుచ్చాలో ఆయనకు బొత్తిగా తెలియదు. వంటమనిషి ఖలీద్ దగ్గర కూర్చుని, అతన్ని తిడుతూనే నేర్చుకున్నాడు.

శుక్రవారం పెళ్లి. గురువారం సాయంత్రమే జునైద్ ఆకాశం వంక చూసి, "ఇయ్యాల్నే తెంపుదామా కాకా? మబ్బు పట్టింది," అన్నాడు.

"చలికాలం పోయె. ఇంక ఈ ఎడారిల వానేందిరా? పొద్దుగాల తెంపితే తాజాగుంటయ్. పూల సంగతి నాకు చెప్తవా?"

తెల్లారి బాలన్న గిన్నె పట్టుకుని బయటికి వచ్చాడో లేదో, రేకుల మీద టపటపమని చప్పుడు మొదలైంది. వాన కాదు, వడగళ్లు. మొదట శనగగింజలంత, చూస్తుండగానే రేగుపండ్లంత.

బాలన్న గిన్నె కింద పడేశాడు. ఊళ్లో రాళ్లవాన పడితే ఆగుతుందని వాకిట్లోకి రోకలి విసిరేవారు. "రోకలి! రోకలి ఇసురుండ్రిరా!" అని కేక పెట్టాడు. క్యాంపులో రోకలెక్కడిది? గదిలో తోడుండే భూమేష్ చపాతీ కర్ర తెచ్చి విసిరాడు. రాళ్లవాన దాన్ని ఖాతరు చేయలేదు.

ఇక లాభం లేదనుకుని బాలన్న మేకుకు వేలాడుతున్న సైటు హెల్మెట్ లాక్కుని పరుగెత్తాడు. డ్రమ్ము పక్కన చతికిలబడి, హెల్మెట్‌ను మొక్కల మీద గొడుగులా పట్టుకున్నాడు. ఆయన బట్టతల మీద రాళ్లు ఠంగుఠంగుమంటుంటే భూమేష్‌కు నవ్వాగలేదు. నవ్వుతూనే తన హెల్మెట్ తీసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. తర్వాత ఖలీద్ అన్నం వండే పెద్ద గంజుతో వచ్చాడు. ఆ పైన గదుల్లోంచి ఒక్కొక్కరే. పువ్వు ముట్టుకున్నందుకు తిట్లు తిన్నవాళ్లే అందరూ.

చివరికి కొత్త కుర్తాలో జునైద్ కూడా పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వు లోపలికి పోరా! పెండ్లికొడుకువి, మొకం పగుల్తది!"

"నీ తలకాయ పగుల్తలేదా కాకా?" అని జునైద్ కదలలేదు.

"హెల్మెట్ తలకు పెట్టుకునేదిరా, పూలకు కాదు!" అని క్యాంపు బాస్ గుమ్మంలోంచి మొత్తుకున్నాడు. విన్నవాడు లేడు.

వాన వెలిసింది. చేతికి అందని డ్రమ్ముల్లో మొక్కలు నడుములు విరిగి బురదలో పడ్డాయి. హెల్మెట్ల కిందివి తడిసి, తలలు వాల్చి, ఎలాగో నిలబడ్డాయి. బాలన్న విరిగిన ఒక మొక్కను బురదలోంచి ఎత్తాడు.

"నిన్ననే తెంపాల్సుండెరా. నా మొండితనం పాడుగాను," అన్నాడు. తర్వాత అందరివైపు తిరిగి, "ఏం చూస్తున్రు? ఉన్నయన్ని తెంపుండ్రి. మొగ్గలు గూడ ఇడువకుండ్రి," అన్నాడు. ఆ నోట ఆ మాట విని ఎవరికీ చేతులు రాలేదు. మొదటి పువ్వు ఆయనే తెంపాడు.

అన్నీ గుచ్చినా సెహరా పలుచగానే వచ్చింది. మధ్యాహ్నం నమాజు తర్వాత మౌల్వీసాబ్ రాగానే బాలన్న దాన్ని ఆయన చేతిలో పెట్టబోయాడు. జునైద్ ఆపాడు. "నువ్వే కట్టాలె కాకా." బాలన్న చేతులు తుడుచుకుని సెహరా ఎత్తి పెట్టాడు. వెనక ముడి వేశాడు.

ఫోన్ స్పీకర్ పెట్టారు. మౌల్వీసాబ్ గొంతు సవరించుకునే లోపే పెళ్లికూతురి ఇంటి నుంచి మెహరున్నిసా గొంతు వినిపించింది.

"తమ్మీ, నీ పక్కన ఎవరన్న ఉన్నరా?"

జునైద్ బాలన్న వైపు చూశాడు. బాలన్న ఫోన్ వైపు వంగి, ఎన్నడూ లేనంత మెత్తగా అన్నాడు.

"మేమున్నం బిడ్డా. క్యాంపు క్యాంపంత ఉన్నం, తలలు బొప్పి కట్టి. నీ తమ్మునికి ఎంత పెద్ద సెహరా కట్టినమంటే, పూలల్ల వాని మొకమే కానస్తలేదు."

అది పచ్చి అబద్ధం. పలుచటి సరాల మధ్య జునైద్ ముఖమంతా కనబడుతూనే ఉంది, కన్నీళ్లతో సహా.

అవతల మెహరున్నిసా ఏడుస్తూనే నవ్వింది. "అయితే ఇంక చదవండి మౌల్వీసాబ్," అంది.