ఈరన్న బావ మంచుగుట్ట

ఆదోని పత్తి మార్కెట్టు మీద మంచు కురుస్తోంది, నేను చెప్పుల్లేకుండా అందులో నడుస్తున్నాను, అడుగు వేసినప్పుడల్లా కాళ్ల కింద బొరుగులు నలిగిన చప్పుడు వస్తోంది, అయినా నాకేమీ వింతగా లేదు, ఎందుకంటే ఆ చప్పుడు మేం చేసిందే: మా మేనత్త ఇంట్లో గోనెపట్టా మీద బొరుగులు పరిచి ఈరన్న బావ వాటి మీద నడుస్తుంటే నేను ఫోనులో రికార్డు చేశాను, మంచులో నడిస్తే ఎలాంటి చప్పుడు వస్తుందో ఇద్దరికీ తెలియదు కనుక ఇదేనని తీర్మానించుకున్నాం, ఆ తర్వాత సంగతి తెలియని అత్త ఆ బొరుగులతోనే ఉగ్గాణి చేసి పెడితే ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నాం.

కాసేపటికి మార్కెట్టు గుట్ట అవుతుంది. పత్తి మూటలు ఒకదాని మీద ఒకటి లేచి మెట్లవుతాయి, నేను మెట్టు మీంచి మెట్టు మీదికి దూకుతుంటాను, తల తడుముకుంటే మంకీ టోపీ తగులుతుంది, అంటే నేనే టింగోనన్నమాట. టింగో మా చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న ఆటలోని బుడ్డోడు. ఆ ఆట చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, కానీ అభిమానులు ఊరుకుంటారా, ఏ దేశంలో ఉన్నవాళ్లు ఆ దేశంలో తమకు తోచిన కొత్త భాగం చేసి, ఏటా ఒక గడువు పెట్టుకుని ఒకరికొకరు ఉచితంగా పంచుకుంటూనే ఉంటారు. మాది చలికాలపు భాగం. దూకుతూ, పాకుతూ, గుహల్లో దొంగదారులు వెతుక్కుంటూ మంచుగుట్ట కొసకు చేరాలి. బొమ్మలన్నీ బావవి, ఫ్లెక్సీల షాపు నడిపినవాడి చెయ్యి కదా, మంచు కూడా పెళ్లి ఫ్లెక్సీలా తళతళలాడుతుంది. ప్రోగ్రాము నాది, ఒక్క చివరి గుట్ట తప్ప. అది మాత్రం నా దగ్గరే నేర్చుకుని తనే రాస్తానని పట్టుబట్టాడు, రాశాడు, దాన్ని చదివి అర్థం చేసుకోవడం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు.

పై మెట్టు మీద ఆ ఫ్లెక్సీల షాపు ఉంది. షట్టరు సగం ఎత్తి ఉంది, బావ లుంగీ మీద స్వెట్టరు వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. పోయినేడు కామెర్లతో పోయాడని నాకు కలలో కూడా గుర్తుంది, కానీ అదంత ముఖ్యమైన సంగతిగా తోచదు.

"ఏమ్మే వేణీ, ఇప్పుడా వచ్చేది?" అంటాడు. "ముందు ఇది చెప్పు. నా శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో ఆ పావురాలు ఎవురు పెట్టినారు? సచ్చిపోయినోనికి పావురాలేంటికి మే? మొగం సూస్తే ఎడంపక్కకు సాగిపోయుండాది."

"పావురాలు నేనే పెట్టమంటిని బావా. ఆ పక్క ఖాళీగా ఉండాదని."

"ఖాళీ ఉంటేనే అందమని రోజూ నా పానం తీసింది నువ్వే గదా!"

నాకు నవ్వు ఆగదు. బావా నవ్వుతాడు, షాపు నవ్వినట్టు షట్టరు గలగలలాడుతుంది, ఆ గలగలలోనే షాపు కరిగిపోయి మేమిద్దరం గుట్ట మధ్యలో ఒక రాతి మీద నిలబడి ఉంటాం, కింద ఆదోని దీపాలు, పైన కనబడని కొస.

ఇక్కడే టింగో చచ్చిపోతాడు. ప్రతిసారీ ఇక్కడే. దూకిన ప్రతి దూకుడికీ వాడి ప్రాణం కొంచెం తగ్గుతుంది, మళ్లీ నిండాలంటే నీడలో నిలబడాలి, అది బావ పెట్టిన నియమం. మంచులో నీడేమిటని మీరు అడగొచ్చు, మా కింది గుట్టలు ఆడి చూసి ఫిన్లాండు నుంచి ఒకావిడ అడిగింది కూడా, నీడలో నిలబెడితే మనిషి గడ్డకట్టి చస్తాడు, మీరసలు మంచు ఎప్పుడైనా చూశారా అని. చూశాం, ఫ్రిజ్జులో. నలభై దాటిన ఎండలో పుట్టి పెరిగినవాడికి పోయే ప్రాణం లేచొచ్చే చోటంటే నీడే మరి, బావకు ఇంకో చోటు తోచనే లేదు. తప్పని తెలిశాక కూడా దిద్దనివ్వలేదు. నీడకు బదులు చలిమంటలు పెడదామని నేను, పెడితే ఆట నాది కాదని బావ, ఆసుపత్రి మంచం మీద కూడా అదే పోట్లాట. కింది గుట్టల్లో చెట్లున్నాయి కనుక ఎలాగో నడిచింది. చివరి గుట్ట మీద ఒక్క చెట్టూ పెట్టకుండానే బావ పోయాడు.

"రేపటితో గడువు అయిపోతాది బావా," అంటాను. "అందరూ వాళ్ల వాళ్ల ఆటలు పంపిస్తుండారు. నీ గుట్ట ఎక్కలేక వీడు సగం దారిలోనే సస్తుండాడు. యాడా నీడ లేదు. మంటలు పెట్టేస్తా."

"పెడితే నీతో పలకను."

"ఇప్పుడు మాత్రం ఏం పలుకుతుండావు?"

అనేసి మొహం పక్కకు తిప్పుకుంటాను. బావ టోపీ లాగి నా కళ్ల మీదికి దించుతాడు, చిన్నప్పుడు నేను ఓడిపోయి ఏడుస్తుంటే ఇలాగే చేసేవాడు. టోపీలోంచే చెప్తాను, నువ్వు లేకుండా ఈ ఆట ముట్టుకోబుద్ధి కాదు బావా, ఒక్క చుక్క మార్చినా నిన్నే తుడిపేసినట్టుంటుంది, మార్చకపోతే ఎవరూ కొస చూడరు, నువ్వు గీసిన కొస ఎలా ఉందో నేను కూడా చూడలేదు.

"అందుకని దూకుతానే ఉండావా?"

"మరి దూకకుండా ఎట్ల ఎక్కేది?"

"అదే మే నీతో తంటా. నీ చేతి ఏళ్లు ఒక్క గడియ ఆగవు. కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతావు. ఈ ఆట ఇన్నిసార్లు ఆడితివి గదా, యాడన్నా ఒక్కతూరి ఊరికే నిలబడితివా? చేతులు ఒళ్లో పెట్టుకోని కూచో."

కూర్చుంటాను. బావ పక్కనే కూర్చుంటాడు. గుట్ట మెల్లగా ఊగుతుంది, రైలు పైబెర్తులో ఉన్నట్టుంది, మంచు మా మోకాళ్ల దాకా వచ్చి ఆగుతుంది, ఎవరికీ ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదు. మేనత్త ఎలా ఉందని అడుగుతాడు. బాగుంది, నీ స్కూటీ నేర్చుకుంటోంది, నిన్న కూరగాయల బండికి గుద్దింది అంటాను. "బండోన్నే తిట్టింటాది," అంటాడు గర్వంగా. అవును, తిట్టింది. చాలాసేపు ఇలాగే, ఎవరికి ఏ ఉద్యోగం వచ్చింది, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, తన షాపు గోడకు ఇప్పుడు ఏ రంగు వేశారు, అన్నీ చెప్తాను. ఏడాదిగా నాకు ఇంత హాయిగా లేదు.

"సలి పెడుతుండాదా?" అంటాడు ఉన్నట్టుండి.

"పెడుతుండాది."

బావ చుట్టూ చూస్తాడు. కిందికి చూస్తాడు, పైకి చూస్తాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "నాక్కూడా మే," అంటాడు. "ఆ పిన్లాండు ఆయమ్మ చెప్పిందే నిజం. ఎవురితో అనాకు, పరువు పోతాది."

ఎక్కడో చిటపటమని మొదలవుతుంది. పోపులో ఆవాలు పేలుతున్నాయా అనుకుంటాను, కాదు, ఎండిన పత్తికట్టె అంటుకున్న చప్పుడు, అది దగ్గరవుతోంది, నేను బావ వైపు తిరిగి "ఓడిపోతివి చూడు!" అని అరవబోతాను, బావ చూపుడు వేలు పెదాల మీద పెట్టుకుంటాడు, వేలు వెనక నవ్వు కనబడుతోంది, ఆ నవ్వు మీద మంచు కురుస్తోంది, ఇంకా కురుస్తోంది.

కళ్లు తెరిచేసరికి ఆదివారం మధ్యాహ్నం, నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. మంటలు పెడదామని లాప్‌టాప్ తెరిచి, చేతులు రాక, టింగోను ఆ సగం దారి రాతి మీదే వదిలి, దిండు మీద తల వాల్చినట్టున్నాను. చిటపట మాత్రం ఆగలేదు. స్పీకరులోంచే వస్తోంది.

లేచి చూశాను. ఎవరూ ఏ మీటా నొక్కకుండా అంతసేపు వదిలేసినందుకు, టింగో రాతి మీద చతికిలబడి కూర్చున్నాడు. ముందు చిన్న మంట, పత్తికట్టెలదే, బావ చేతి గీతలే, ఎవరికీ అర్థం కాని తన ప్రోగ్రాములో నాకు కూడా చెప్పకుండా దాచిపెట్టినవి. వాడి ప్రాణం గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండిపోయింది. నేను మీటల మీదికి చెయ్యి పోనివ్వకుండా చూస్తూ ఉండిపోయాను. టింగో మంకీ టోపీని అటొకసారి, ఇటొకసారి తిప్పి, చూసేవాళ్లెవరూ లేరని రూఢి చేసుకుని, రెండు చేతులూ మంటకు చాచాడు.