ఆ గుక్క ఎందుకొద్దట?

రాజధాని బొగోటా నుంచి సినిమా వాళ్ళు మా బొయకా కొండల్లోకి దిగారు. మా యెసిద్ కథే తీస్తున్నారు. సత్తువ పెంచే దొంగ మందు వాడి దొరికిపోయి, రెండేళ్ళు సైకిల్ పోటీల్లో అడుగు పెట్టకుండా నిషేధం పడ్డవాడి కథ. యెసిద్ నా తమ్ముడి కొడుకు. వాడు ఏ పాపమూ ఎరగడని ఆరేళ్ళుగా ఎదురైన ప్రతివాడితోనూ పోట్లాడిన పిచ్చిదాన్ని నేను.

ముప్ఫై ఏళ్ళుగా ఈ కొండ మలుపులో నిలబడి పోటీ పిల్లలకు బెల్లం నీళ్ళు అందిస్తున్నాను. మా దారిలో ఒక పద్ధతి ఉంది. సీసా ఇచ్చేవాళ్ళు, తొక్కేవాళ్ళు చూస్తుండగా అందులో ఏమీ కలపలేదనడానికి గుర్తుగా ముందు ఓ గుక్క తాగి మరీ ఇవ్వాలి. అలాంటిది ఆరేళ్ళ నుంచి నా చేతి సీసా ఎవరూ అందుకోవడం లేదు. పిల్లలకు పొగరెక్కిందనుకున్నాను.

డైరెక్టర్ వచ్చి, పెద్ద ఆడవాళ్ళని మర్యాదగా పిలిచే 'దోన్యా' అన్న మాటతో మొదలుపెట్టి చెప్పాడు. "దోన్యా ఒటీలియా, మీ వేషం మీరే వెయ్యాలి. తొక్కే షాట్లలో హీరోకి బదులు యెసిద్ వస్తాడు, సీసా ఇవ్వండి. ఆ గుక్క మాత్రం తాగకండి."

"ఏం బాబూ, ఎంగిలనా?"

"అబ్బే! మందు ఉన్నది అందులోనే కదా. మీరూ తాగేస్తే కథ ఎలా నడుస్తుందండీ?"

"ఎందులో ఉందీ?"

"మీ బెల్లం నీళ్ళల్లో. విచారణలో యెసిద్ చెప్పిందే రాసుకున్నాం. మీకు తెలీకుండా ఎవరో కలిపారని చూపిస్తాంలెండి."

నా ఒళ్ళు భగ్గుమంది. తల్లిపాలు తాగి రొమ్ము గుద్దడమంటే ఇదే! పిల్లలు నా సీసా ఎందుకు ముట్టడం లేదో అప్పుడు అర్థమైంది.

షాట్ మొదలైంది. యెసిద్ ముందు, వెనకాల మా ఊరి క్లబ్బు పిల్లలు ఇరవై మంది గుంపుగా వస్తున్నారు. నేను సీసా ఎత్తి ఓ గుక్క తాగాను. డైరెక్టర్ "కట్, కట్" అని మొత్తుకుంటున్నా వినకుండా రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాను. అందరూ బ్రేకులు వేశారు.

"అత్తా, తప్పుకో. ఇది సినిమా," అన్నాడు యెసిద్.

"తాగరా! నువ్వు దొరికిపోయిన రోజూ నీ ముందే గుక్క తాగి ఇచ్చానుగా. మరి నాకెక్కలేదేం మందు?"

"ఇక్కడొద్దత్తా..."

"ఇక్కడే చెప్పాలి! నా పరువు పోయింది ఇక్కడేరా!"

వాడు తల దించుకున్నాడు. "టీము డాక్టర్ సూదత్తా. నేనే అడిగి పొడిపించుకున్నా. ఆయన పేరు చెబితే మళ్ళీ ఏ టీమూ రానివ్వదు. నువ్వైతే ఊరుకుంటావని..."

"ఊరుకోడానికైనా నాకు చెప్పాలి కదరా, వెధవా!"

గుంపులోంచి నూబియా అనే పిల్ల సైకిల్ దిగి ఖాళీ సీసా తెచ్చింది.

"పొయ్యండి దోన్యా. నేను క్లబ్బులో చేరిన రోజే మీ నీళ్ళు ముట్టొద్దని మా కోచ్ చెప్పాడు."

బెల్లం నీళ్ళ కుండలోంచి నింపి, గుక్క తాగి ఇచ్చాను. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అందరి వెనకాల యెసిద్ కూడా సీసా చాపాడు.

"ముందు ఆ విచారణ వాళ్ళ దగ్గరికెళ్ళి ఇదే మాట చెప్పిరా. నీ దాహం సంగతి తర్వాత చూద్దాం," అని కుండ మీద మూత పెట్టేశాను.