రబ్బరు గిన్నెల్లో జవాబు

పెళ్లయిన ఇరవై రెండో రోజుకే ఆషాఢం వచ్చిపడింది. అత్తా కొత్త కోడలూ ఆ నెల ఒక్క గడపలో ఉండకూడదని నన్ను హైదరాబాదు నుంచి వరంగల్లుకు, పుట్టింటికి పంపించారు. అది ఎనభై తొమ్మిది జూలై. రైలెక్కించేటప్పుడు మా ఆయన నా చీరల మధ్య ఒక బరువైన పెట్టె దూర్చారు. వాళ్ల ఆఫీసులో పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్.

"దీన్ని మా ఆఫీసు కంప్యూటర్‌తోని కలపాలంటే మూడు తొవ్వలున్నయి" అని ప్లాట్‌ఫారం మీదే పాఠం మొదలుపెట్టారు. తీగతో నేరుగా కలపాలంటే రెండూ ఒకే బల్ల మీదుండాలి. మోడెమ్‌ను ఫోను లైనుకు తగిలించాలంటే గోడకు కొత్త సాకెట్ కావాలి. మా ఇంటి ఫోను తీగేమో గోడలోంచే వస్తుంది. మూడోది ఆ పెట్టెలోనే పెట్టిన, రెండు రబ్బరు గిన్నెలున్న చిన్న పీట. ఫోను రిసీవర్‌ను ఆ గిన్నెల్లో బోర్లిస్తే యంత్రాలు ఈలలతో మాట్లాడుకుంటాయట.

"ముసలి ఫోనుకు ముసలి ల్యాప్‌టాప్. జోడీ మంచిగ కుదిరింది!" అని నవ్వాను. నవ్వుతుండగానే రైలు కదిలింది.

మా ఫోను బాపు ఇత్తడి సామాన్ల దుకాణంలో ఉంటుంది. మా ఆయనతో నేను మాట్లాడుతుంటే బాపు బిందెలు తుడవడం ఆపేస్తారు. గుమాస్తా కట్టయ్య తక్కెడ పట్టుకుని కదలడు. "ఆఁ", "మంచిగనే", "సరే". అంతే నా కాపురం. మేడ మీద ఇంట్లో అదే లైనుకు ఇంకో ఫోను. మా మాటలు ముగిసే వేళకు నానమ్మ దాన్నెత్తి, "తిన్నవా బిడ్డా?" అని ఆయన్ని అడగందే ఊరుకోదు.

కిందటి వారం ఆయన మెల్లగా అడిగారు: "నేను యాదికొస్తున్ననా?"

ఎదురుగా కట్టయ్య. "అత్తమ్మను అడిగినట్టు చెప్పుండ్రి" అని పెట్టేశాను.

"ఏందమ్మా, మొకం కందగడ్డ లెక్కయింది?" అన్నాడు కట్టయ్య.

వారమంతా ఆ ప్రశ్న నా కొంగుకే కట్టుకుని తిరిగినట్టుంది.

ఆదివారం దుకాణానికి సెలవు. లోపల నేనొక్కదాన్నే. అనుకున్నట్టే పదింటికి ఫోను మోగింది. "ఇగ పెట్టు" అన్నారు. రిసీవర్‌ను గిన్నెల్లో బోర్లించాను. ఈల, గరగర, మళ్లీ ఈల. బూడిదరంగు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఒక్కో అక్షరమే నడిచొచ్చింది: "వాన పడుతున్నదా?" ఆయన వేలు అక్కడ మీట నొక్కితే ఇక్కడ నా కళ్ల ముందు అక్షరం!

"పడుతున్నది. మీ గొడుగు నా దగ్గరనే ఉన్నది."

"ఆ రోజు అడిగినదానికి జవాబు?"

వినేవాళ్లెవరూ లేరు. "నిన్న పొద్దున రెండు కప్పుల్ల చాయ్ పోసి" దాకా కొట్టాను. తెర మీద పిచ్చి గుర్తులు కుప్పలుగా పడ్డాయి. ఈల తెగిపోయింది.

రిసీవర్ లాగి చెవికి పెట్టుకున్నాను. నానమ్మ! బాపునడిగి దుకాణం తాళాలు కూడా తెచ్చుకున్నదాన్ని, పై ఫోను సంగతే మరిచాను.

"ఏందిది, చెవులు పగిలేటట్టు కూత పెడ్తాంది? బిడ్డా, ఉన్నవా?"

"ఉన్న నానమ్మా. తిన్న" ఆయన గొంతు.

"నువ్వు తిన్నవు గని ఇది తింటలేదు. పొద్దంత తొవ్వ దిక్కే చూస్తది. నిన్న నీకని ఇంకో కప్పుల చాయ్ పోసి, సల్లగైనంక తనే తాగింది. నేను చూడలేదనుకుంటాంది."

లైనులో ముగ్గురం ఉన్నాం. వాన చప్పుడు ఇక్కడిదో, అక్కడిదో.

"నిజమేనా?" అన్నారాయన.

"నిజమే" అన్నాను. నానమ్మ వింటుండగానే, గట్టిగా.

"గీ మాటకు గింత కూత ఎందుకే?" అంది నానమ్మ.

అందరం ఫోన్లు పెట్టేశాక చూస్తే, గుర్తుల కుప్పకు పైన నా సగం వాక్యం అలాగే ఉంది. ఆషాఢం ఇంకా పదకొండు రోజులు. చెరపబుద్ధి కాలేదు.