రీస్లింగ్‌కు సరిపోయే వంట

“మసాల లేకుంట చేపల కూరేంది? నీకు దెల్వకుంటె నన్నడుగు,” అన్నాడు సదానందం, వంటింటి గుమ్మంలో నిలబడి.

పుష్ప హమూర్ చేప ముక్కలకు ఉప్పు పట్టిస్తోంది. ఆ శుక్రవారం మధ్యాహ్నం భర్త మేనేజరు మాథియాస్, మరో ఇద్దరు జర్మన్లు భోజనానికి వస్తున్నారు. కొలువులు ముందు స్థానికులకే అనే నితాకత్ చట్టం పేరుతో సౌదీలోని రాబిగ్‌లో ఆఫీసు కొలువులు ఒక్కొక్కటే సౌదీలకు పోతున్న రోజులు. మాథియాస్ తలుచుకుంటే సదానందం సీటు నిలుస్తుంది.

రెండు రోజుల ముందే మాథియాస్ రెండు సీసాలు పంపాడు. తన ఊరి ద్రాక్షతో చేసిన రీస్లింగ్ అనే తెల్ల వైన్, మత్తు తీసేసింది. దీనికి సరిపోయే ఇండియన్ వంట ఉంటుందా అని అడిగాడట.

మర్నాడు భర్త ఆఫీసుకు వెళ్లాక పుష్ప స్టీలు గ్లాసులో కాస్త పోసుకుని రుచి చూసింది. ముందు పచ్చిమామిడి పులుపు, వెనకే ఆపిల్ తీపి, చివర వానకు తడిసిన బండ వాసన. గరంమసాలా వేస్తే ఇది చచ్చిపోతుంది అనుకుంది. పచ్చిమిర్చి మంటకైతే ఈ తీపి తోడుంటుంది. చేపకు పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం. రొయ్యలకు అల్లం, కొబ్బరిపాలు. పదకొండేళ్ల కాపురంలో ఆమె నాలుక ఉప్పు చూడ్డానికి తప్ప దేనికీ పనికిరాలేదు. అది కూడా “ఎంగిలి జేస్తున్నవా?” అని అత్త గద్దించేదాకానే. ఆ రోజు మాత్రం చాలాసేపు ఒంటరిగా నవ్వుకుంది.

అతిథులు వచ్చారు. ఆమె వంటింట్లోనే ఉండిపోయింది. తిన్నంతసేపూ చెంచాల చప్పుడే వినిపించింది. తర్వాత మాథియాస్ గొంతు ఇంగ్లిష్‌లో వినిపించింది, ఈ జోడీ ఎవరి ఆలోచన అని.

“నాదే సర్. మా ఆవిడకు ఇవన్నీ తెలియవు. నేను చెప్పినట్టు చేస్తుంది.”

కడుగుతున్న గిన్నె మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. పళ్లేలు నాకినట్టు తిరిగొచ్చాయి. ఆమెకు ఒక్క ముక్కైనా మిగల్లేదు. సీసా అడుగున మిగిలిన గుక్కెడు తాగి చూస్తే పులుపు తప్ప ఏమీ తెలియలేదు.

సదానందం సీటు నిలిచింది. భార్యాపిల్లల్ని వెంట ఉంచుకున్నందుకు తలకింతని కట్టే లెవీ మాత్రం ఆ ఏడు మళ్లీ పెరిగింది.

“నీ లెవీ కట్టుడు దండుగ. ఇంట్ల కూసునుడే గద నీ పని. ఊరికి పోయి మా అమ్మను జూస్కో,” అన్నాడు. ఆమెను అడగకుండానే, ఇక తిరిగిరాకుండా వెళ్లిపోయే ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించాడు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు పొద్దున్నే చేపలు తెచ్చి పెట్టాడు. “సారోళ్లు మళ్ల వస్తున్నరు పగటీలికి. గవే జెయ్యి. ఎట్ల జేస్తవో కాయితం మీద రాసిపెట్టి పో, ఇగ వంటోనితోని జేపిచ్చుకుంట.”

అతను వెళ్లాక పక్కింటి మేరాజ్ బేగం వీడ్కోలు చెప్పడానికి వచ్చింది. ఆమెది కడప, ఇక్కడ పదేళ్లుండి అరబ్బీ బాగా నేర్చింది. బల్ల మీదున్న పుష్ప నివాస అనుమతి కార్డు ఇకామాను తీసి చూసింది.

“ఇందులో ఏముందో ఎప్పుడన్నా చదివించుకున్యావా, వదినా? పని చేసేకి అనుమతి లేదని రాసుండాది. మన ఆడోళ్లందరి కార్డుల మీదా ఇదే.”

పుష్ప నవ్వబోయింది. నవ్వు రాలేదు. మేరాజ్ భుజం మీద తలవాల్చి ఏడ్చింది. మేరాజ్ వెళ్లాక పుష్ప చేపల సంచిని కడగకుండానే ఫ్రిజ్‌లో పెట్టేసింది.

పన్నెండు గంటలకు సదానందం వచ్చాడు. పొయ్యి వెలగలేదు. పుష్ప నేల మీద కూర్చుని పెట్టెలో చీరలు సర్దుకుంటోంది.

“వంటేదే? సారోళ్లు బయల్దేరిన్రు. ఏమని జెప్పాలె నేను?”

ఆమె తల ఎత్తలేదు. గొంతూ పెంచలేదు.

“నా పెండ్లానికి పని జేసే పర్మిషన్ లేదని జెప్పు.”